గోడకూ గడ్డి దిమ్మకూ మధ్య

ట్వెట్ పశువుల రాంచ్, జోర్డాన్ ఊరి దగ్గర, మోంటానా
24 జనవరి 1989, మంగళవారం

అక్కా,

చేరాను. నువ్విచ్చిన చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్ కూడా, నా వెనకాలే చేరింది. నీ కుక్క టక్ దారి పొడవునా నా తొడ మీద గడ్డం ఆనించి పడుకుంది. నువ్వు కట్టిచ్చిన మాంసం రొట్టెల్లో దాని వాటా ఎంత, నా వాటా ఎంత అని మాత్రం అడగొద్దు.

పని నేను అనుకున్నట్టే ఉంది. యజమాని నారిస్‌కి నాలుగు వందల ఆవులు, అందులో తొంభై తొలిచూలువి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ముప్పావు గంటకోసారి వాటి మధ్య తిరిగి, ఈనబోయేదాన్ని కొట్టంలోకి తోలాలి. అడ్డం తిరిగిన దూడని లాగాలి. తడి దూడ చెవులు గడ్డకట్టకముందే తుడవాలి. పగలు నా నిద్ర. అతని భార్య ఐలీన్ మొదటి రోజే చెప్పింది. "నీ సంగతి మాకు తెలుసు మైలో. ఇక్కడ ఒక్కటే షరతు." ఆ షరతేమిటో ఇద్దరం పైకి అనుకోలేదు. పది నెలలుగా చుక్క ముట్టని మనిషికి చెప్పక్కర్లేదు కదా.

ఇక అసలు సంగతి. ఎమ్మెట్ బావ హీటర్ నామీద అలిగింది. మీట తిప్పగానే ఫ్యాన్ తిరుగుతుంది, కానీ నీరసంగా. ఆ తర్వాత టిక్ టిక్ అని మంట అంటుకోవాలి. అనదు, అంటుకోదు. కాసేపటికి ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. గ్యాస్ లేక కాదు, పొయ్యి మీద కాఫీ బాగానే కాగుతోంది. బయట సున్నాకి పద్దెనిమిది డిగ్రీల కింద ఉంది. లోపల గ్లాసులో నీళ్ళు గడ్డకట్టాయి. నిన్న పొయ్యి రెండు వైపులా వెలిగించుకుని, కోటూ బూట్లతోనే పడుకున్నాను.

బావ బతికున్నన్నాళ్ళూ ఈ ట్రైలర్ వేసుకునే వేటకి వెళ్ళాడు. నువ్వు రెండు మూడుసార్లు వెంట వెళ్ళావు. ఏం చేసేవాడో గుర్తు చేసుకుని రాయి. ఫోన్ ఐలీన్ వంటింట్లో ఉంది, అక్కడ మాట్లాడితే జిల్లా అంతా వింటుంది. చికిత్సలో ఉన్నప్పుడు రాసుకున్నట్టే ఉత్తరాలు రాసుకుందాం. పోస్టు బండి మంగళ, శుక్రవారాలు వస్తుంది.

వణుకుతూ,
నీ తమ్ముడు మైలో

*

ర్యాపిడ్ సిటీ, సౌత్ డకోటా
27 జనవరి

ఒరే మైలో,

ముందు లేచి ఆ పొయ్యి ఆర్పు. ఆర్పాక మిగతాది చదువు.

తలుపులన్నీ బిగించుకుని, పొయ్యి వెలిగించుకుని, దాని పక్కనే పడుకునే తెలివి మన వంశంలో నీ ఒక్కడికే వచ్చింది. నిద్రలోనే పోతావు. హీటర్ వేరు. దాని పొగ గోడలోని గొట్టం గుండా బయటికి పోతుంది. పొయ్యికి ఆ ఏర్పాటు లేదు. నీ ఉత్తరం బడి వంటగదిలో చదివాను. మూడు వందల మంది పిల్లల బంగాళాదుంపలు అడుగంటాయి, ఆ పాపం నీదే.

ఇప్పుడు విను. ఫ్యాన్ నీరసంగా తిరుగుతోందన్నావు చూడు, రోగం అక్కడుంది. గాలి వెళ్ళే దారిలో వేలెడు పల్చటి రేకు ఒకటి ఉంటుంది. గాలి గట్టిగా తోస్తేనే అది వాలుతుంది. అది వాలితేనే నిప్పురవ్వ, ఆ తర్వాత గ్యాసు. "ఈ రేకు నాకంటే జాగ్రత్త గల మనిషి" అనేవాడు మీ బావ. చలికి బ్యాటరీ సగం చచ్చి ఉంటుంది. విప్పి నారిస్ ఇంట్లో పెట్టి పూర్తిగా ఛార్జి చెయ్యి. అప్పటికీ వెలగకపోతే హీటర్ ముందు పలక విప్పు, ఎలుకలు గూడు కట్టి ఉండొచ్చు. సిలిండర్ మూతి దగ్గర మంచు పేరుకుంటే గోరువెచ్చని నీళ్ళు పొయ్యి. మంట చూపించకు. చెప్పకపోతే చూపించే రకానివి నువ్వు.

ఆదివారం, తాగుడు మానినవాళ్ళ మీటింగులకి వెళ్తున్నావా? మైల్స్ సిటీలో ఉందన్నావుగా. అడిగానని మూతి ముడుచుకోకు. మన నాన్న ట్రక్కుని ఏ కాలవలోంచి బయటికి లాగారో చూసిన కళ్ళు ఇవి. అడగకుండా ఉండలేను.

అక్క

*

3 ఫిబ్రవరి, శుక్రవారం

అక్కా,

నువ్వు వంటగది వదిలి హీటర్ల దుకాణం పెట్టుకోవచ్చు. రోగం బ్యాటరీదే. నారిస్ కొట్టంలో ఒక రాత్రంతా ఛార్జి పెట్టి తెచ్చాను. ఫ్యాన్ గట్టిగా అందుకుంది, టిక్ టిక్ మంది, భగ్గున వెలిగింది. టక్ లేచి దాని ముందు చేరి మళ్ళీ కదల్లేదు.

కానీ ఒక రోజే. నిన్నటి నుంచి వాయవ్యం గాలి మొదలైంది. ఇది గాలి కాదు, ఎవరో పనిగట్టుకుని తోస్తున్నట్టుంది. సున్నాకి ముప్ఫై కింద. పొగగొట్టం మూతి సరిగ్గా ఆ వైపే ఉంది. గాలి అందులోంచి లోపలికి కొట్టి మంట ఆర్పేస్తోంది. వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది, ఆరుతుంది. మంచం మీద ఆ చప్పుడు వింటూ, ఈసారి వెలగదేమోనని కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాను. ట్రైలర్‌ని తిప్పి పెడదామంటే చక్రాలు నేలకి గడ్డకట్టుకుపోయాయి.

ఎలుకల కోసం పలక విప్పాను. ఎలుకలు లేవు. బావ వస్తువొకటి ఉంది. దాని సంగతి వదిలెయ్యి.

మొన్న ఒక తొలిచూలు ఆవుకి కవలలు. రెండోదానికి ఊపిరి లేదు. వెనక కాళ్ళు పట్టి ఊపి, ముక్కులో గడ్డిపరక పెట్టి గెలికితే తుమ్మింది. నేను ఏడ్చాను. తాగే రోజుల్లో ఏడుపు వేరే రకం, ఇది మంచి రకం.

మార్చి 19, ఆదివారం నాటికి నేను తాగుడు మాని ఏడాది. మీటింగులో ఏడాది బిళ్ళ ఇస్తారు. నువ్వు రాగలవా?

మైలో

*

6 ఫిబ్రవరి

ఒరే తమ్ముడూ,

వస్తాను. రోడ్లు మూసుకుపోతే మంచు తవ్వే బండి ఎక్కి వస్తాను. ఆ బిళ్ళ నీ చేతిలో పడడం చూసి తీరాలి.

గాలికి మందు గడ్డి దిమ్మలు. నారిస్ దగ్గర కొట్టం నిండా ఉంటాయి, అడుగు. ట్రైలర్ చుట్టూ నేల నుంచి అడుగుభాగం దాకా ఖాళీ లేకుండా పేర్చు. ఆ సందుల్లో మంచు తోసి పాదాలతో తొక్కు. కింద నుంచి గాలి ఆగితే నేల వెచ్చబడుతుంది. ఇక హీటర్ వైపు, పొగగొట్టం మూతి ఎదురుగా ఒక దిమ్మ నిలబెట్టు. మీ బావ ఎప్పుడూ అలాగే పెట్టేవాడు. లోపల కిటికీ దగ్గర కూర్చుంటే నాకు ఆ దిమ్మ పైభాగం కనపడేది. అది పెట్టాక మంట ఒక్కసారి కూడా ఆరలేదు. కిటికీ సందుల్లో గుడ్డ పీలికలు దోపు. పైన గాలి కన్నం కూడా మూసెయ్యి, వేడంతా అందులోంచే పోతుంది.

మీ బావ వస్తువేదో దొరికిందన్నావు. ఏమిటది? వదిలెయ్యమంటే వదిలేసే రకాన్ని కాదని తెలిసే రాశావు. ఏమిటో రాయి.

చెర్రీ జామ్ రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి ఐలీన్‌కి. ఇంకోటి నీకు, కుక్కకి కాదు.

అక్క

*

17 ఫిబ్రవరి, శుక్రవారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. వారమైంది. ట్రైలర్ వెచ్చగా ఉంది. ఒట్టి చొక్కాతోనే పడుకుంటున్నాను. దిమ్మని గొట్టం మూతి ముందు గట్టిగా ఆనించి, చుట్టూ మంచు తొక్కాను. మంట ఒక్కసారి కూడా పూర్తిగా ఆరలేదు.

నాకు మాత్రం ఒంట్లో బాగాలేదు. జలుబు పట్టుకుందేమో. సాయంత్రం లేచేసరికి తల మీద ఆవు నిలబడ్డట్టు ఉంటుంది. కడుపులో తిప్పుతుంది. రాత్రి పది దాకా కొట్టంలో అటూ ఇటూ తిరిగితే తగ్గిపోతుంది. మళ్ళీ పగలు పడుకుని లేస్తే అదే. కానీ ట్రైలర్ వెచ్చగా ఉంది. మొహం ఎర్రగా ఉంది, చూసినవాళ్ళు ఆరోగ్యం అనుకుంటారు. టక్ కూడా నాలాగే ముసలిదైపోయింది. నిన్న లేచి రెండడుగులు వేసి కూలబడింది, తిన్నది కక్కేసింది. బయటికి తీసుకెళ్తే మళ్ళీ బాగానే పరిగెత్తింది.

బుధవారం నేను లేవలేదు. తొమ్మిదింటికి నారిస్ వచ్చి తలుపు బాదాడు. అప్పటికే ఒక దూడ మంచులో పుట్టి మంచులోనే పోయింది. నారిస్ దాన్ని తనే ఎత్తుకెళ్ళాడు. ఏదైనా అంటే బాగుండేది. ఆ దూడ నా కళ్ళ ముందే ఉంది.

పోయిన ఉత్తరంలో నువ్వేదో అడిగావు. ఏమడిగావో గుర్తు రావడం లేదు, ఆ ఉత్తరం ఎక్కడ పెట్టానో కూడా. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఏమనుకోకు. ట్రైలర్ వెచ్చగా ఉంది.

మైలో

*

20 ఫిబ్రవరి

మైలో,

నిన్న ఐలీన్ ఫోన్ చేసింది. "చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను వెర్నా" అంది. శుక్రవారం నీకు సూప్ తెచ్చిందట. తలుపు తీస్తూ నువ్వు తూలావట. మాట ముద్దగా వచ్చిందట. ఆమెని మన అమ్మ పేరుతో పిలిచావట. బల్ల మీద సగం ఖాళీ అయిన విస్కీ సీసా ఉందట. "నారిస్‌కి ఇంకా చెప్పలేదు, కానీ దూడ పోయింది కదా, ఎన్నాళ్ళు దాచను" అంది.

ఈ రోజు నీ ఉత్తరం వచ్చింది. జలుబట. సాయంత్రం లేస్తే తలనొప్పట. పని చేస్తే తగ్గుతుందట. మైలో, ఈ ఉత్తరం నేను ఇదివరకు చదివాను. ఇరవై ఏళ్ళు చదివాను. ముందు నాన్న నోట, తర్వాత నీ చేతి రాతలో. ఒకే వాక్యం మూడుసార్లు రాసిన సంగతి నీకు తెలుసా?

ఆ సీసా ఎక్కడిదని నేను అడగను. నువ్వు చెప్పొద్దు కూడా. చెప్పే ముందు నువ్వు అబద్ధం వెతుక్కోవడం నేను చూడలేను. ఈ పదకొండు నెలలూ రోజూ పడుకునే ముందు ఇవాళ్టికి గడిచింది అనుకుని దీపం ఆర్పాను. ఇంకొకరి దూడ చచ్చిపోయింది. రేపు ఎవరు?

మార్చి 19కి నేను రాను. రాకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నానో నీకు తెలియదు, తెలియక్కర్లేదు.

వెర్నా

*

28 ఫిబ్రవరి, మంగళవారం

వెర్నా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అందిన గంటలోనే ట్రైలర్ ఖాళీ చేశాను. దుప్పటి తీసుకుని కొట్టం పక్కన మందుల గదిలోకి మారాను. అక్కడ కట్టెల పొయ్యి ఉంది, కిటికీకి ఒక అద్దం లేదు, కంపు కావలసినంత. నీ ట్రైలర్ నీకు. మంచు కరిగాక వచ్చి తీసుకెళ్ళు. నువ్వు పెట్టిన వెచ్చదనంలో ఇక నాకు నిద్ర పట్టదు.

తాగలేదని ఒట్టేసి చెప్పమంటావేమో. చెప్పలేను. ఆ వారంలో నాలుగు రోజులు నాకు గుర్తులేవు. ఐలీన్ సూప్ తెచ్చిందని నీ ఉత్తరం చదివితేనే తెలిసింది. గిన్నె వెతికితే మంచం కింద దొరికింది. ఇదివరకు ఎప్పుడు రోజులు మాయమైనా కారణం ఒక్కటే. కాబట్టి నువ్వు అన్నది నిజమే అయ్యుంటుంది. నోట్లో రుచి గుర్తులేదు, అంతే.

నారిస్‌తో నేనే చెప్పాను. "తాగానేమో, నాకే తెలియదు" అన్నాను. టోపీ తీసి దులుపుకున్నాడు. "ఈనే కాలం అయ్యేదాకా ఉండు. తర్వాత చూద్దాం" అన్నాడు.

జలుబు తగ్గింది. టక్ బాగా తింటోంది. నాలుగు రోజుల్లో పదకొండు దూడలు లాగాను, అన్నీ బతికాయి. నువ్వు అడగలేదు, అయినా రాశాను.

మైలో

*

3 మార్చి

మైలో, నా తండ్రీ,

ఇది నీకు అందే లోపే ఐలీన్ చెప్పి ఉంటుంది. ఉత్తరం చేతిలో పట్టుకునే ఆమెకి ఫోన్ చేశాను. "ఆ ట్రైలర్లోకి ఎవరూ వెళ్ళొద్దు. తలుపులు తెరిచి గ్యాస్ కట్టెయ్యండి. మైలోని అసలు వెళ్ళనివ్వొద్దు" అని అరిచాను. పాపం ఆమె హడలిపోయింది.

నీ ఉత్తరం కోపంగా చదివాను. రెండోసారి కూడా కోపంగానే చదివాను. జలుబు తగ్గింది, టక్ బాగా తింటోంది అన్న చోట ఆగాను. పాత ఉత్తరం తీసి పక్కన పెట్టుకున్నాను. టక్ కూలబడింది. టక్ కక్కింది. బయటికి తీసుకెళ్తే బాగయింది. నువ్వు తాగావనుకున్నాను. కుక్క ఏం తాగింది?

ఫోన్ అందుకున్నాను. పొగ, మైలో. రంగూ వాసనా లేని ఆ పాడు పొగ. పొయ్యి వెలిగించుకుని పడుకోకని నీకు పాఠం చెప్పింది నేను. గొట్టం ముందు దిమ్మ పెట్టమన్నదీ నేనే, సందులన్నీ మూయమన్నదీ నేనే.

బావ అలాగే పెట్టేవాడుగా, మరి మాకేం కాలేదేం అనుకుని పాత ఫొటోల పెట్టె దింపాను. 1979 నవంబరు ఫొటో ఒకటి ఉంది. ట్రైలర్, గొట్టం, ఎదురుగా దిమ్మ. దిమ్మ మీద మీ బావ కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. రెండు కాళ్ళూ బారుగా చాపాడు. ఆ మనిషి ఎంత పొడుగో నీకు తెలుసు. అయినా మేజోళ్ళు గోడకి తగల్లేదు. అంత దూరంలో పెట్టేవాడు. గాలిని ఆపడానికే, గొట్టాన్ని మూయడానికి కాదు. లోపల కూర్చుని చూసే నాకు దిమ్మ పైభాగమే కనపడేది. మధ్యలో ఖాళీ ఎంతో ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు రాసి నిన్ను చావు దాకా పంపాను.

నువ్వు వెచ్చగా ఉందని రాసినప్పుడల్లా నాకు తాగుబోతు మాట వినపడింది. ఊపిరాడని మనిషి మాట వినపడలేదు. డాక్టరుకి చూపించుకో. ఏం చెప్పాడో అదే రోజు రాయి. ఇప్పుడు నా అక్షరాలు కూడా ఎంత వంకరగా ఉన్నాయో చూడు, నేనూ తాగలేదు.

అక్క

*

7 మార్చి, మంగళవారం

అక్కా,

ఐలీన్ కోటు కూడా వేసుకోకుండా కొట్టంలోకి పరిగెత్తుకొచ్చింది. నన్ను రెండు చేతులతో పట్టుకుని ఊపి, "బతికే ఉన్నావా" అంది. కొట్టంలో ఆవులన్నీ తిరిగి చూశాయి.

నేనూ నారిస్ వెళ్ళి చూశాం. దిమ్మ లాగేసరికి దాని వెనక మొహం నల్లగా మసి. గోడ మీద కూడా నా చెయ్యంత మసి. గొట్టంలోంచి వచ్చిన పొగంతా దారిలేక దిమ్మల వెనక నుంచి ట్రైలర్ అడుక్కి పోయి, పైపుల కన్నాల్లోంచి పైకి వచ్చింది. నారిస్ మసి మీద వేలు పెట్టి చూసుకున్నాడు. "నిన్ను వెళ్ళగొట్టాలా అని నేను ఆలోచిస్తున్నప్పుడు నువ్వు ఇందులో పడుకుని ఉన్నావు" అన్నాడు. తర్వాత వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. డాక్టరు, ఇంకో రెండు మూడు పగళ్ళు పడుకుని ఉంటే లేచేవాడివి కాదన్నాడు. ఇప్పుడు ఏమీ లేదట. నువ్వు ఏడవడం ఆపొచ్చు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నువ్వు తిట్టకపోతే నేను ట్రైలర్ ఖాళీ చేసేవాణ్ణి కాదు. జలుబుకి మందు అడుగుతూ ఇంకో ఉత్తరం రాసి, లోపలే పడుకునేవాణ్ణి. నువ్వు నోరు జారడం ఈ ఒక్కసారి పనికొచ్చింది. దీన్ని అలవాటు చేసుకోకు.

కానీ పొగ అన్నిటికీ జవాబు కాదు. చెప్పకూడదనుకున్నాను. పలక వెనక దొరికింది బావ సీసా. విస్కీ, మూత తీసినదే. అతన్ని పాతిపెట్టిన రోజు చర్చిలో అందరూ చుక్క ముట్టని మనిషని చెప్పారు, నువ్వు విన్నావు. రెండేళ్ళుగా ఆ మాటలు పట్టుకుని బతుకుతున్నావు. నీకెలా చెప్పను? పారబోయడానికీ చెయ్యి రాలేదు, అది నా సొత్తు కాదు. సింకు కింద వెనక్కి తోసి పెట్టాను. అది బల్ల మీదకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేనే తీసి ఉండాలి, ఇంకెవరున్నారు? తీసి ఏం చేశాను? దొరికిన రోజున అందులో ఎంతుందో చూడలేదు. మసకలో చూశాను, కళ్ళు తిప్పుకున్నాను. ఇప్పుడు సగం ఉంది.

ఏడాది బిళ్ళ తీసుకునేవాడు అందరి ముందు నిలబడి ఏడాది అయిందని చెప్పాలి. ఆ నాలుగు రోజులు నా దగ్గర లేవు. తెలియనిదాన్ని తెలుసని చెప్పి బిళ్ళ తీసుకోలేను. 19న వెళ్ళను. మొదటి రోజు నుంచి మళ్ళీ లెక్కపెడతాను. ఫరవాలేదు, నాకు అలవాటే.

మైలో

*

10 మార్చి

ఒరే మైలో,

ఆ సీసా ఎక్కడుందో అక్కడే ఉండనియ్యి. ఎవరూ ముట్టుకోవద్దు. ఇది పూర్తిగా చదువు.

నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. వేటకి వెళ్ళినప్పుడు చలికి ఒక గుక్క వేసుకునేవాడు, ఏడాదికి వేలి మందం కూడా తగ్గేది కాదు. మన నాన్న కథంతా తెలిసినవాడు కాబట్టి నా కంట పడకూడదని హీటర్ వెనక దాచాడు. ట్రైలర్ కడుగుతుంటే నాకు దొరికింది. నాన్న కూతుర్ని కదా, ఊరుకోలేకపోయాను. లేబుల్ పక్క అంచున గోళ్ళ రంగుతో చిన్న గీత పెట్టాను. వెంట్రుకంత, వెతికితేనే కనపడుతుంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఆయన వేట నుంచి రాగానే వెళ్ళి చూసి, కొత్త గీత పెట్టేదాన్ని. మొత్తం పదకొండు గీతలు. కిందిది 1986 డిసెంబరుది. ఆ తర్వాత ఆయన ట్రైలర్ ఎక్కలేదు. నేను చూశానని ఆయనకి తెలియదు. నాకు తెలుసని తెలిస్తే ఆ ఒక్క గుక్క కూడా మానేసేవాడు, నాకు అది ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు నా తప్పు. నీకు తాళాలిచ్చిన రోజు అది లోపలే ఉందని నాకు తెలుసు. మరిచిపోయానని రాయొచ్చు, నువ్వు నమ్ముతావు. మరిచిపోలేదు. తీస్తే ఆయన దాచుకున్నది నేను చూశానని ఒప్పుకున్నట్టు. పోయిన మనిషి ముందు కూడా ఒప్పుకోలేకపోయాను. నీకు పలక విప్పే పని పడదులే అనుకున్నాను. ఆ తర్వాత ఎలుకల కోసం విప్పమని నేనే రాశాను. ఐలీన్ సీసా అనగానే అది ఏ సీసానో నాకు అర్థమైంది. అందుకే నిన్ను అంత మాట అన్నాను. నా మీద కోపం నీమీద పెట్టాను.

వెళ్ళి కింది గీత చూడు. ఏం కనపడిందో నాకు రాయక్కర్లేదు. అది నీకు కావాలి, నాకు కాదు. నేను మాత్రం 19న మైల్స్ సిటీలో ఉంటాను. నువ్వు బిళ్ళ తీసుకోవడానికి వచ్చినా, మొదటి రోజు అని చెప్పడానికి వచ్చినా, ముందు వరుసలో నా పక్కన ఒక కుర్చీ ఉంచుతాను.

అక్క

*

21 మార్చి, మంగళవారం

అక్కా,

మొన్న మీటింగులో అంతమంది ముందు సరిగ్గా మాట్లాడలేకపోయాను. నువ్వు నా కోటు గుండీలు సర్దుతూనే ఉన్నావు, నేను ఊఁ అంటూనే ఉన్నాను. అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ట్రైలర్ తలుపు దాకా మూడుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. విస్కీ కింది గీతకంటే దిగి ఉంటే ఎలా అన్న భయం ఒకటి. దిగకుండా ఉంటే ఎలా అన్న భయం కూడా ఒకటి ఉందని నీకు చెప్పినా అర్థం కాదు. మళ్ళీ మొదటి రోజు అనుకుంటే సులువు, ఆశపడక్కర్లేదు. చివరికి ఐలీన్‌ని పిలిచాను. నా కళ్ళని నేను నమ్మను, నువ్వు చూడు అన్నాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని సీసాని కిటికీ దగ్గర బల్ల మీద నిలబెట్టి, వంగి చూసింది. సీసాని అటూ ఇటూ తిప్పింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "కింది గీత కనపడడం లేదు మైలో" అంది. తర్వాత వేలితో చూపించింది. విస్కీ అంచూ గీతా సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చుక్క తగ్గలేదు. తీసి బల్ల మీద పెట్టుకుని, దానికేసి చూస్తూ కూర్చుని ఉంటాను. తలలో సగం పొగ ఉన్నప్పుడు కూడా మూత తియ్యలేదు. ఆ నాలుగు రోజులూ నాకు గుర్తులేవు కానీ, నావే. అందుకే మొన్న బిళ్ళ కోసం లేచి నిలబడ్డాను.

ఐలీన్ చూస్తుండగానే మిగిలింది సింకులో పోశాను. సీసా కడిగి ఉంచాను. పదకొండు గీతలున్న సీసా పారెయ్యడానికి నాకు మనసు రాలేదు. నువ్వు వచ్చినప్పుడు తీసుకెళ్ళు, లేదా ఇక్కడే వదిలెయ్యి. బావ మీద నాకిప్పుడు ఇదివరకటి కంటే ఎక్కువ ఇష్టంగా ఉంది.

ఊళ్ళో గ్యాస్ మనిషి వచ్చి హీటర్ విప్పి శుభ్రం చేశాడు. పైపుల కన్నాలు మూశాడు. పైన గాలి కన్నం నాలుగు వేళ్ళ మేర తెరిచి ఉంచమన్నాడు. నిన్న మళ్ళీ ట్రైలర్లోకి మారాను. టక్ గడప దగ్గర ఆగి నాకేసి చూసింది. నేను ముందు వెళ్ళి కూర్చున్నాక వచ్చింది.

గాలి ఇంకా వాయవ్యం నుంచే కొడుతోంది. దిమ్మని గొట్టం ఎదురుగా తీసుకెళ్ళి నిలబెట్టాను. దాని మీద కూర్చుని బూట్లు విప్పి, కాళ్ళు బారుగా చాపి చూశాను. గోడకి తగల్లేదు. కానీ నేను బావ కంటే పొట్టి కదా, అందుకని లేచి ఇంకో అడుగు వెనక్కి జరిపాను.

నీ తమ్ముడు
మైలో